వీపు అచ్చు

పుస్తకాల మధ్య ఒక పాత టికెట్టు బయటపడింది. బెంగళూరులో అట్టక్కళరి అనే సమకాలీన నృత్య సంస్థ వారి నృత్యోత్సవం. యువ కొరియోగ్రాఫర్లు కొన్ని వారాలు ఒకచోట ఉండి, అనుభవజ్ఞుల సలహాలతో తీర్చిదిద్దుకున్న కొత్త రచనలను చూసిన సాయంత్రం అది.

చాలావరకు మరచిపోయాను. ఒక్కటి మాత్రం కళ్లముందే ఉంది. సంగీతం లేదు. ఒకే ఒక అమ్మాయి, మాకు వీపు చూపుతూ నిలబడింది. ఎంతోసేపటికి కుడి భుజం ఎముక మాత్రం కదిలింది, చర్మం కింద ఏదో మేలుకుంటున్నట్టు. తరువాత నేలమీద పొర్లింది, లేచింది. లేచిన చోట చెమటతో వీపు అచ్చు పడింది. ఆ తడి ఆరేవరకు దాన్నే చూస్తూ కూర్చుంది. హాల్లో ఎవరూ కదలలేదు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకున్నారు, ముక్కూమొహం తెలియని మనిషి!

కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలిచే పాదాలను చూస్తూ పెరిగినదాన్ని. కథ, అభినయం లేకుండా నాట్యమేమిటని వాదించేదాన్ని. 1985లోనే కొరియోగ్రాఫర్ చంద్రలేఖ ‘అంగిక’ అనే నృత్యరచనలో భరతనాట్యాన్ని, యోగాను, కేరళ యుద్ధవిద్య కలరిపయట్టును ఒకచోటికి తెచ్చారని చదివినా మనసుకు ఎక్కలేదు. ఆ వీపు అచ్చు చూశాకే ఎక్కింది.

ఆ అమ్మాయి ఇప్పుడు ఏ ఊళ్లో ఆడుతున్నదో! తెలిస్తే ఈ రాత్రికే రైలెక్కుతాను.