రీఫ్ ట్యాంకులో తెల్ల నీళ్లు
మా రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు, చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో నీళ్లు పాలు కలిపినట్టు తెల్లగా అయిపోయాయి. నీళ్లు మార్చినా మర్నాటికి మళ్లీ అదే తీరు. ఇది ఆల్గే కాదు, నీళ్లలో కరిగిన సేంద్రియ పదార్థం తిని పెరిగే బ్యాక్టీరియా. మసక కంటే ఆక్సిజన్ గురించే నాకు టెన్షన్. ఈ బ్యాక్టీరియా దాన్ని లాగేస్తుంది, పైగా వైజాగ్ ఎండలకి వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే గుండె ఝల్లుమంది. అప్పట్నుంచి ఎయిర్ పంపు, నీళ్లలోని మలినాల్ని నురగతో బయటికి లాగే స్కిమ్మర్ ఆపలేదు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ముందు ఇవే నడవాలని ఇంట్లో అందరికీ చెప్పా. మేత తగ్గించాం. చివరికి పని చేసింది నీళ్లని అతినీలలోహిత (యూవీ) కాంతి గుండా పంపే యూవీ స్టెరిలైజరే. నీళ్లలో తేలే బ్యాక్టీరియాని చంపుతుంది, రాళ్లకి పట్టి ఉండే మంచి బ్యాక్టీరియా జోలికి పోదు. చిన్న పూలలా కనిపించే జోయాంథిడ్స్ అనే పగడాల జాతి జీవులు విచ్చుకున్నాయి. లెదర్ కోరల్ అనే మెత్తటి పగడం ఇంకా ముడుచుకునే ఉంది, అందుకే యూవీ ఇంకొన్నాళ్లు తీయను.