రెండు రూపాయల వడ్డీ, బీకాం ఫైనాన్స్

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగిళ్ళలో బీకాం, బీబీఏ ఫైనాన్స్ చదివే పిల్లలకి బజారులో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. ఇంట్లో డబ్బు మాట రాగానే "నువ్వెళ్ళి చదువుకో" అని పంపేస్తాం. ఆ సబ్జెక్టుకి కావలసిన లెక్కలు ఆ మాటల్లోనే ఉన్నాయి. పిల్లల్ని కూర్చోబెట్టుకోండి.

వడ్డీతో మొదలుపెట్టండి. మన పెద్దవాళ్ళు రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకి రెండు. పుస్తకంలో రేటు ఏడాదికి. పిల్లలు ఆ 2ని తిన్నగా ఏడాది సూత్రంలో వేసేస్తారు, లేదా నెలల లెక్కలో ఏడాది రేటు వాడేస్తారు. 50,000 అప్పుకి నెలకి 1,000, ఏడాదికి 12,000, అంటే 24 శాతం. వడ్డీని నెలనెలా అసలులో కలుపుకుంటూ పోతే 26.82 శాతం. రెండూ చేతితో కట్టించండి. తర్వాత తిరగేసి అడగండి: అయిదేళ్ళకి వచ్చే లక్ష ఇవాళ ఎంతకి సమానం? 8 శాతం చొప్పున 68,058, 24 శాతం చొప్పున 34,111. వర్తమాన విలువ అనే పాఠమంతా ఈ తేడాలోనే ఉంది.

బండి లోను కాగితం ఉంటే ఇంకా మంచిది. 1,20,000 అప్పు, పది శాతం ఫ్లాట్ వడ్డీ, 24 నెలలు అనుకుందాం. వడ్డీ 24,000, నెలకి 6,000 కట్టాలి. తీరుతున్న అసలు మీద కూడా మొదటి రోజు లెక్కనే వడ్డీ వేస్తారు గనక నిజమైన రేటు పది కాదు. ఎక్సెల్ రేట్ ఫంక్షన్లో 24, మైనస్ 6,000, 1,20,000 వేస్తే నెలకి సుమారు 1.51 శాతం వస్తుంది. ఏడాదికి 18 దాటుతుంది. మైనస్ గుర్తు మరిచిపోతే ఎర్రర్ చూపిస్తుంది. వచ్చే డబ్బు, పోయే డబ్బు వేర్వేరు గుర్తులతో ఉండాలని అప్పుడు బాగా గుర్తుంటుంది.

అన్నిటికంటే గొప్ప పాఠం చీటీ. 20 మంది, నెలకి 5,000, చీటీ లక్ష. ఒకరు 30,000 తగ్గించి పాడితే చేతికి 70,000 వస్తాయి. నిర్వాహకుడి కమిషన్ 5,000 పోగా మిగిలిన 25,000 ఇరవై మందికీ పంచితే తలా 1,250. ఆ నెల ఒక్కొక్కరూ కట్టేది 3,750. మొదట ఎత్తుకున్నవాళ్ళకి ఇది అప్పు, చివరిదాకా ఆగినవాళ్ళకి పొదుపు. ఇద్దరికీ నెలనెలా పోయే డబ్బు, వచ్చే డబ్బు వరసగా రాయించి ఐఆర్ఆర్ (ఆ రెండూ ఇవాళ్టి విలువలో సరితూగే వడ్డీ రేటు) కట్టించండి. అది నెల రేటు. ఏడాది రేటుగా మార్చకుండా బ్యాంకు డిపాజిట్‌తో పోల్చకూడదు. పోల్చినా సగం మాటే, నిర్వాహకుడు ఎగ్గొట్టే ప్రమాదం ఐఆర్ఆర్‌లో కనిపించదు. చీటీకి 1982 చిట్‌ఫండ్ల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందు చూడమనండి. కమిషన్ పరిమితి 5 శాతం ఉండేది, 2019 సవరణతో 7 అయింది.

కిరాణా ఉన్న ఇళ్ళలో వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారంలో తిప్పే సొమ్ము) వేరే చెప్పక్కర్లేదు. సరుకు 30 రోజులు నిలవ, అరువు 20 రోజులు, హోల్‌సేల్ వాళ్ళిచ్చే గడువు 15 రోజులు అయితే 35 రోజులు సొమ్ము ఇరుక్కుంటుంది.

లెక్క అయ్యాక దాన్ని నానమ్మకి తెలుగులో చెప్పమనండి. "మొదట ఎత్తితే మంచిదా, ఆఖర్న ఎత్తితే మంచిదా?" అని ఆవిడ తప్పక అడుగుతుంది. జవాబు తడబడితే, ఏ నెల వరసలో ప్లస్, మైనస్ గుర్తు తప్పిందో అక్కడే వెతకండి.