ఆ ఎర్ర కారు

మూడు లెక్కపెట్టేలోగా స్టార్ట్ అవ్వకపోతే ఊరుకోనని బేసిల్ కారుని బెదిరిస్తున్నాడు. నాకు అప్పుడే నవ్వు మొదలైపోయింది.

ఫాల్టీ టవర్స్ అనే బ్రిటిష్ టీవీ కామెడీ, 1975 నాటి ఎపిసోడ్. బేసిల్ అందులో హోటల్ యజమాని. ఎన్నోసారి చూడటమో లెక్కలేదు. కారు దిగి, దాన్ని తిట్టి, అటు పరిగెత్తుతాడు. తెర మీద మొరాయించిన ఎర్ర కారు ఒక్కటే. కాసేపు ఏమీ జరగదు. తర్వాత చెట్టుకొమ్మతో వచ్చి బాదుడే బాదుడు!

ఈరోజు ఆ ఖాళీ క్షణాలనే వెనక్కి తిప్పి తిప్పి చూశాను. ఏం తెస్తాడో తెలుసు కాబట్టే ఆ ఎదురుచూపు ఇంకా బాగుంది. మొదటిసారి కొమ్మను చూసి నవ్వాను. ఇప్పుడు కొమ్మ రాకముందే కళ్లలో నీళ్లు.

జాన్ క్లీజ్, కోనీ బూత్ కలిసి రాసినవి మొత్తం 12 ఎపిసోడ్లే. 1975లో ఆరు, 1979లో ఆరు. ఎంత ప్రేమగా చెక్కారో!

రేపు మిసెస్ రిచర్డ్స్ వచ్చే ఎపిసోడ్.