తుమ్మ రోకలి పిడి

నేను అమెరికా వచ్చింది 2019 జనవరిలో. సాఫ్ట్‌వేర్ కాదు, హెచ్‌వన్ కాదు, మా అక్క 2004లో నా పేరు మీద వేసిన పిటిషన్ ఇన్నేళ్లకి కదిలితే గ్రీన్‌కార్డు మీద భార్యా పిల్లలతో దిగాను. అప్పటికి నాకు నలభై ఒకటి. బాలానగర్‌లో పంతొమ్మిదేళ్లు టూల్‌రూమ్‌లో చేసినవాణ్ణి, ప్రెస్ టూల్స్, మోల్డులు, డై ఫిట్టింగ్ అన్నీ. ఒహాయోలో డేటన్ దగ్గర ఒక మెషిన్ షాపులో ఉద్యోగమైతే దొరికింది గానీ ఆపరేటర్‌గా, నైట్ షిఫ్టులో. ఇంటర్వ్యూలో మైక్రోమీటర్ ఎప్పుడైనా పట్టుకున్నావా అని అడిగారు. పార్ట్ పెట్టు, తలుపు వెయ్యి, పచ్చ బటన్ నొక్కు, తలుపు తియ్యి, పార్ట్ తియ్యి, పొద్దున దాకా ఇదే పని, చేతికి తెలిసిన పనంతా చేతిలోనే ఉండిపోయింది. ఆ రెండేళ్లు నేను ఇంట్లో సరిగ్గా మాట్లాడలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఆ షాపు టూల్‌రూమ్‌లో డెబ్బైకి దగ్గరపడ్డ ఒక పెద్దాయన ఉండేవాడు. షిఫ్టు మారే టైంలో నేను ఒక పార్ట్ అంచుకి ఉన్న బర్, అంటే గరుకు పొర, ఆకురాయితో తీస్తుంటే వెనక నిలబడి చూశాడంట, ఎక్కడ నేర్చుకున్నావ్ అన్నాడు. సీఐటీడీ అని బాలానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ ఉంది, అక్కడ మొదట్లో మాకు మెషిన్ ముట్టనియ్యరు, ఇనుప దిమ్మ ఇచ్చి రేతితో, అదే ఆకురాయితో, చదును చెయ్యమంటారు, ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకి పెడితే సందులోంచి వెలుగు కనపడకూడదు అని చెప్పాను. శనివారం మా గ్యారేజ్‌కి రా అన్నాడు. పేరుతో పిలవమనేవాడు, నాకు నోరు రాలేదు, ఇప్పటికీ సార్ అనే అంటాను.

గ్యారేజ్ అంటే కారు ఉండే గ్యారేజ్ కాదు. పాత లేత్, గట్టి బెంచ్ వైస్, గోడకి వరసగా ఆకురాళ్లు. బెంచ్ మీద రివాల్వర్! నాకు ఒళ్లు చల్లబడింది, పోలీసు నడుముకి తప్ప నేనెప్పుడూ చూడలేదు. ఇది 1851 కోల్ట్ నేవీకి రెప్లికా అని ఆయన చెప్పాడు, తూటాలు ఉండవు, సిలిండర్‌లో ఒక్కో గదిలో నల్ల తుపాకీమందు పోసి సీసం గుండు దిగ్గొట్టి వెనక నిప్పు అంటించే చిన్న క్యాప్ పెట్టాలి. 1968 గన్ కంట్రోల్ యాక్ట్ ఇలాంటివాటిని ఫెడరల్‌గా ఆంటిక్ కిందే లెక్కేస్తుంది, మామూలు తుపాకీ కింద కాదు. కానీ స్టేట్‌ని బట్టి రూల్స్ మారతాయి, వీసా మీద ఉన్న మన పిల్లలు ఇది చదివి ఉత్సాహపడొద్దు, ముందు లాయర్ని అడగండి. ఇండియాకి తీసుకెళ్లే ఆలోచన అసలే వద్దు, అక్కడ 1959 ఆయుధాల చట్టం ఉంది.

ఈ రెప్లికాలు ఎక్కువగా ఇటలీలో తయారవుతాయి, బ్రెషా దగ్గర. 1961లో అమెరికా సివిల్ వార్‌కి వందేళ్లు నిండుతున్నాయని 1950ల చివర్లో ఇక్కడ పాత రివాల్వర్ల మోజు మొదలైతే అక్కడి తుపాకీ పనివాళ్లు అందుకున్నారు, ఉబెర్టీ అనే కంపెనీ పెట్టింది 1959లో. వచ్చేటప్పుడు కొత్తగా, మెరుస్తూ, పిడికి ఎర్రటి దళసరి వార్నిష్‌తో వస్తాయి. పెద్దాయన పనల్లా దాన్ని 1850ల్లోది అనిపించేలా చెయ్యడం, లోపల ఫిట్టింగ్ సరిచెయ్యడం. మొదటి శనివారమే ఒకటి నా చేతికిచ్చి వెడ్జ్ బిగించమన్నాడు. బ్యారెల్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచేది ఆ చిన్న ఇనుప చీలే. కొంచెం ఎక్కువ కొడితే బ్యారెల్ వెనక్కి వంగి సిలిండర్‌కి రాసుకుంటోంది. ఆర్బర్, అంటే సిలిండర్ తిరిగే ఇరుసు, బ్యారెల్‌లో దాని రంధ్రం అడుగుకి ఆనట్లేదు సార్ అన్నాను, డెప్త్ మైక్రోమీటర్ పెట్టి చూపించాను. అడుగున ఆనేలా స్టీలు బిళ్ల ఒకటి లేత్ మీద తీసి, ఎక్కడ ఆనుతోందో అంటి చూపించే నీలి రంగు, ఇంజినీర్స్ బ్లూ పూసి, రాసి, మళ్లీ పూసి కూర్చోబెట్టాను. బాలానగర్‌లో డై రెండు సగాలూ సరిగ్గా ఆనేలా చేసే డై స్పాటింగే కదా అచ్చు! ఆయన వెడ్జ్ బొటనవేలితో నొక్కి, సిలిండర్ తిప్పి, చాలాసేపు ఏం మాట్లాడలేదు. నన్ను ఈ దేశంలో మొదటిసారి పనివాడిగా చూసింది ఆ రోజే, నాకు గొంతులో ఏదో అడ్డుపడింది.

తప్పు కూడా చేశాను. నేవీ సిలిండర్ చుట్టూ ఓడల బొమ్మ ఉంటుంది, 1843 మే 16న కాంపెచీ దగ్గర టెక్సస్ ఓడలకీ మెక్సికో ఓడలకీ జరిగిన యుద్ధం. గోటితో గీసినంత పల్చగా ఉంటుంది అది. ఇనుము మీది నీలి-నలుపు పూత, బ్లూయింగ్, తియ్యడానికి వైట్ వెనిగర్ చాలు, నేను తొందరపడి ఎమెరీ పేపర్ చుట్టి లేత్ మీద తిప్పాను, రెండు ఓడల తెరచాపలు పోయాయి. పెద్దాయన వెలుతురుకి పెట్టి చూసి, పోయింది మళ్లీ రాదు అన్నాడు, అంతే. తర్వాతి శనివారం నేను వెళ్లలేదు. సోమవారం బ్రేక్ రూమ్‌కి వచ్చి, ఎందుకు రాలేదని అడిగి, ఆ రివాల్వరే, ఆ సిలిండర్‌తోనే, ఇది నీది, పిడి నువ్వే చెయ్యి అన్నాడు. నన్ను టూల్‌రూమ్‌కి, డే షిఫ్టుకి మార్చమని ఫోర్‌మన్‌తో మాట్లాడింది కూడా ఆయనే.

2022 డిసెంబర్‌లో భువనగిరి దగ్గర మా ఊరెళ్లాను, పాతిల్లు కూలగొడుతున్నారు. వసారాలో అమ్మ రోకలి, నల్లతుమ్మది, నడిమికి పగిలి ఉంది. "గది ఏం జేస్కుంటవ్ బిడ్డా, పొయ్యిల పెట్టు" అంది అమ్మ. చెరిసగంగా రెండు ముక్కలు, పొన్ను ఉన్న వైపు, లేని వైపు, బట్టల మధ్య పెట్టి తెచ్చాను. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ ఫారంలో కర్ర అని రాసి చూపించాను, అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేశారు.

నేవీ పిడి ఒకే ముక్క. వెనక ఇత్తడి పట్టీకి, ముందు ట్రిగ్గర్ గార్డు పట్టీకి మధ్య సందు లేకుండా కూర్చోవాలి. వాల్‌నట్ అయితే ఉలికి లొంగుతుంది, తుమ్మ లొంగదు, ఉలి అంచు విరిగింది, మళ్లీ రేతే దిక్కైంది. బ్లూ పూసి ఒత్తడం, అంటిన చోట మాత్రమే గీకడం, మూడు శనివారాలు పట్టింది. చివర్లో ఇత్తడీ కర్రా కలిపే రాయాలి, విడివిడిగా రాస్తే అంచులు గుండ్రపడి గోరు తగులుతుంది. తర్వాత రోజుకో చుక్క అవిసె నూనె అరచేత్తో రుద్దాను, పది రోజులకి తడిసిన ఎర్రమన్ను రంగొచ్చింది.

ఆ తర్వాతి సెప్టెంబర్‌లో పెద్దాయన నన్ను ఇండియానాలో ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊరికి తీసుకెళ్లాడు. మూతి నుంచి మందు కూరే పాత తుపాకులు, మజిల్ లోడర్లు, వాడేవాళ్ల సంఘం 1933 నుంచి ఉంది, వాళ్లు అక్కడ ఏటా రెండుసార్లు కలుస్తారు, గుడారాలు, తోలు చొక్కాలు, మన జాతరలాగే ఉంటుంది. ఆరు గుండ్లు పేల్చాను. తెల్లటి పొగ, కుళ్లిన గుడ్డు వాసన, గుండు ఎటు పోయిందో పొగ పోయాక గానీ తెలీదు. పేల్చిన మసి గాల్లో తడి లాక్కుని రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది కాబట్టి అక్కడే నీళ్లు మరగబెట్టి సబ్బేసి కడుగుతుంటే పక్క గుడారం ఆయన వచ్చి పిడి తడిమి, ఇది వాల్‌నట్టా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు పెద్దాయన, కాదు, వాళ్లమ్మ కారం దంచిన కర్ర అన్నాడు.

ఈ మధ్య ఆయనకి చెయ్యి వణుకుతోంది, రేతి పని అంతా నేనే చేస్తున్నాను, ఆయన కుర్చీలో కూర్చుని చూస్తాడు. మొన్న తన 1858 రెమింగ్టన్ రివాల్వర్‌కి కూడా తుమ్మ పిడి కావాలన్నాడు. దానికి రెండు పలకలు చాలు. పొన్ను వైపు ముక్క కొలిచి చూశాను, సరిపోతుంది.