ఆర్వీలో రిటైర్మెంట్: ముందు తేల్చుకున్నవి, దారిలో తేలినవి

ఆర్వీ, అంటే లోపలే పడక, వంటగది ఉండే ఇల్లులాంటి బండి, కొని అమెరికా తిరగాలని అనుకున్నాక మేమిద్దరం మొట్టమొదట బల్ల మీద పరుచుకున్నవి మెడికేర్, అంటే పెద్దవాళ్ళకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, కాగితాలు. మా స్నేహితుల్లో చాలామంది నెలవారీ ప్రీమియం తక్కువని, ప్రైవేటు కంపెనీలు నడిపే అడ్వాంటేజ్ ప్లాన్ తీసుకున్నారు. ఒకే ఊళ్ళో ఉండేవాళ్ళకి అది బాగానే ఉంటుంది. ఎమర్జెన్సీ అయితే ఎక్కడైనా చూస్తారు గానీ, మామూలు వైద్యానికి చాలా ప్లాన్లలో వాళ్ళ నెట్‌వర్క్, అంటే ప్లాన్‌తో ఒప్పందమున్న, డాక్టర్ల దగ్గరికే వెళ్ళాలి. ఇల్లు ఒహాయోలో, బండి అరిజోనాలో ఉంటే అదెలా కుదురుతుంది? అందుకని నేరుగా ప్రభుత్వం నడిపే ఒరిజినల్ మెడికేర్, దానికి తోడుగా అది కట్టని ఖర్చులకి మెడిగ్యాప్ అనే ప్రైవేటు పాలసీ తీసుకున్నాం. మెడికేర్ ఒప్పుకునే డాక్టరు దేశంలో ఎక్కడున్నా వెళ్ళవచ్చు. దీనికొక గడువుంది. 65 నిండి పార్ట్ బి, అంటే మెడికేర్‌లో డాక్టరు ఖర్చుల భాగం, మొదలైన నెల నుంచి ఆరు నెలల్లోపు మెడిగ్యాప్ తీసుకుంటే, ఏ జబ్బున్నా కంపెనీ కాదనడానికి లేదు. ఆ గడువు దాటాక చాలా రాష్ట్రాల్లో ఆరోగ్యం గురించి ప్రశ్నలడిగి ధర పెంచవచ్చు, అసలు ఇవ్వకపోవచ్చు కూడా. బండి గురించి రాస్తానని ఇన్సూరెన్సుతో మొదలుపెట్టానేమిటని అనుకోకండి. తర్వాత మా ప్రయాణాలు ఆగకుండా సాగాయంటే ఇదే కారణం.

ఇక బండి. క్లాస్ ఏ అంటే బస్సంత ఉంటుంది, క్లాస్ బి వ్యాను, క్లాస్ సి ఈ రెంటికీ మధ్యది, డ్రైవరు నెత్తి మీదుగా ఒక పడక ముందుకు వచ్చి ఉంటుంది. వాడిన క్లాస్ సి, 25 అడుగులది కొన్నాం. నేషనల్ పార్కుల క్యాంప్‌గ్రౌండ్లు చాలావరకు చిన్న బండ్ల రోజుల్లో వేసినవి, పొడవు పెరిగేకొద్దీ మనకు పట్టే చోట్లు తగ్గిపోతాయి. మా వారి మనసు ఇంకా పెద్దదాని మీద ఉండేది. "నేను కూడా నడపగలిగేదైతేనే కొందామండీ" అన్నాను. దారి మధ్యలో ఆయనకి ఒంట్లో బాగుండకపోతే పక్కసీట్లో చేతులు కట్టుకుని కూర్చోలేను కదా. ఖాళీ పార్కింగ్ స్థలాల్లో నేర్చుకున్నాను. మలుపు తిప్పేటప్పుడు వెనక చక్రాల అవతల ఉన్న భాగం ఎదురు వైపుకి ఊగుతుంది. గ్యాస్ స్టేషన్లో స్తంభాలకి గీరుకునేది అదే. నా వయసు ఆడవాళ్ళకి గట్టిగా చెప్తున్నాను: నడపడం, బండికి కరెంటు తీగ కలపడం, ట్యాంకు ఖాళీ చేయడం, అన్నీ మీకూ రావాలి.

కొనేముందు అమ్మేవాళ్ళతో సంబంధం లేని ఇన్‌స్పెక్టరుకి చూపించాం. ఆయన నిచ్చెనేసుకుని పైకప్పు అతుకులు చూశాడు, తర్వాత టైర్ల దగ్గర కూర్చున్నాడు. టైరు పక్కన అచ్చువేసిన డాట్ (DOT) నంబరు చివర నాలుగంకెలుంటాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆర్వీలు ఎక్కువ కాలం కదలకుండా పడి ఉంటాయి కాబట్టి, టైరు మీద గాడులు కొత్తగా కనిపిస్తున్నా లోపల రబ్బరు వయసు మీరిపోతుంది, హైవే మీద పేలిపోతుంది. ఆరు టైర్లూ మార్పించాకే కదిలాం.

వంట గురించి కాస్త వివరంగా చెప్పాలి. మా బండికి 30 ఆంపుల కరెంటు. అంటే 120 వోల్టుల మీద 3600 వాట్లు. ఏసీ ఒక 1500 దాకా తీసుకుంటుంది, ఇండక్షన్ పొయ్యి 1800 దాకా. ఈ రెండూ నడుస్తుండగా మైక్రోవేవ్ నొక్కితే బ్రేకరు పడిపోతుంది. కాబట్టి పొయ్యి వెలిగితే ఏసీ ఆగాలి. పోపు మాత్రం ఎప్పుడూ బయటే, పందిరి గుడ్డ కింద, మడత బల్ల మీద గ్యాస్ పొయ్యి పెట్టుకుని. 200 చదరపు అడుగుల్లో ఎండుమిరపకాయ వేగితే పరుపులు, బట్టలు అన్నీ ఆ ఘాటే పడతాయి. ఆ వాసనకే పక్కబండి వాళ్ళు పలకరించేవారు. పులిహోర ఇచ్చిన గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగి రాలేదు.

ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర దిగినప్పుడు ఆ బయటి వంట కుదరలేదు. అక్కడ గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరుగుతాయి, గుడారాలకి అనుమతి లేదు, గట్టి గోడలున్న బండ్లకే చోటు. తినే వస్తువు గానీ గిన్నె గానీ బయట వదలకూడదు. ఎత్తు 7,700 అడుగుల పైనే, నీళ్ళు తక్కువ వేడికే మరిగిపోతాయి కాబట్టి మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు ఉంచినా పలుకే. కుక్కరు లేకుండా పైకి వెళ్ళకండి.

మా తరం వాళ్ళు వెనకాడేది టాయిలెట్ ట్యాంకు దగ్గర. నాకూ మొదట మనసొప్పలేదు. దేవుడి గూడు, వంటగట్టు, ఆ ట్యాంకు అన్నీ ఒక్క కప్పు కింద. పద్ధతి తెలిశాక ఆ బాధ పోయింది. బ్లాక్ ట్యాంకు, అంటే టాయిలెట్‌ది, వాల్వు ఎప్పుడూ మూసే ఉంచాలి, నిండాకే వదలాలి. తెరిచి వదిలేస్తే నీళ్ళు పోయి గట్టిది అడుగున పేరుకుపోతుంది. ముందు బ్లాక్ వదిలి, తర్వాత గ్రే, అంటే స్నానం, గిన్నెల నీళ్ళు, వదిలితే గొట్టం కడిగినట్టవుతుంది. నీళ్ళ కుళాయి లేని చోట మంచినీళ్ళు ఒక్క ట్యాంకే. అక్కడ చిన్న బకెట్టు, చెంబు మమ్మల్ని ఆదుకున్నాయి. షవరు కింద అయిపోయే నీళ్ళతో చెంబు స్నానాలు ఎన్నో అవుతాయి.

కరివేపాకు కుండీ మాత్రం వెంట తీసుకెళ్ళలేదు. కాలిఫోర్నియా సరిహద్దుల్లో మొక్కలు, పళ్ళు తనిఖీ చేసే స్టేషన్లుంటాయి. కరివేప నిమ్మ, నారింజల కుటుంబానిది. ఆసియా సిట్రస్ సిల్లిడ్ అనే చిన్న పురుగు దాని మీద బతుకుతుంది, ఆ పురుగు మోసే హెచ్‌ఎల్‌బీ తెగులుకి మందు లేదు, నారింజ తోటలు చచ్చిపోతాయి. మన పోపు కోసం ఎవరో రైతు తోట పోకూడదు. కుండీ అమ్మాయి ఇంట్లో పెట్టి, ఆకు కాలిఫోర్నియా దుకాణాల్లోనే కొనుక్కున్నాం.

సంతోషాలు చెప్పాలంటే చాలా ఉన్నాయి. 62 దాటిన పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకీ 80 డాలర్లకి జీవితకాలపు సీనియర్ పాస్ ఉంది. నేషనల్ పార్కుల్లో ప్రవేశం ఉచితం, చాలా ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్లలో సగం ధర. గ్లేసియర్ నేషనల్ పార్కులో గోయింగ్ టు ద సన్ రోడ్డు ఎత్తైన భాగంలోకి 21 అడుగులు దాటిన బండిని రానివ్వరు. బండి క్యాంప్‌గ్రౌండులో ఉంచి, 1930లనాటి పైకప్పు తెరుచుకునే ఎర్ర బస్సెక్కాం. స్టీరింగు చింత లేకుండా ఇద్దరం ఒకే కొండను చూడటం చాలా రోజుల తర్వాత కుదిరింది. చలికాలం అరిజోనాలో క్వార్ట్‌సైట్ పక్కన లా పోసాలో గడిపాం. అది ప్రభుత్వ ఎడారి భూమి, మేము ఉన్నప్పుడు సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా 180 డాలర్లు. కరెంటు ఉండదు, నీళ్ళు పట్టుకునే చోటు, ట్యాంకు ఖాళీ చేసే చోటు ఉంటాయి. పైన సోలార్ పలకలు, రాత్రి రగ్గులు, చుట్టూ మా వయసు వాళ్ళే. తెలుగు మాట వినపడక సంక్రాంతి నాడు గుండె బరువెక్కిన మాట నిజం. మరునాడు పొరుగామె వచ్చి ముగ్గు నేర్పమని అడిగింది.

కష్టాల్లో అన్నిటికంటే పెద్దది రిపేరు. ఒక గాలివాన తర్వాత పైకప్పు అతుకులోంచి నీళ్ళు దిగాయి. వేసవి సీజను, షాపులో వారాల తరబడి చోటు లేదు, దొరికాక బండి అక్కడ వదిలేయాలి. అంటే మందులు, దేవుడి పటం, బట్టలు సర్దుకుని మోటెల్‌కి. కొన్న ధర కాక, ఇలాంటి వాటికి వేరే డబ్బు పక్కన లేకపోతే ఈ జీవితం మొదలుపెట్టవద్దు. ఇల్లు పూర్తిగా అమ్మి, రాష్ట్ర ఆదాయపు పన్ను లేని సౌత్ డకోటాకో టెక్సాస్‌కో చిరునామా మార్చుకునేవాళ్ళున్నారు. మేము ఒహాయోలోని కొలంబస్‌లో చిన్న కాండో, అంటే సొంత ఫ్లాటు, ఉంచుకున్నాం. ఆ మోటెల్ గదిలో దాని విలువ తెలిసింది.

తర్వాత మా వారికి హైవే మీద తెల్లగీతలు వంకరగా కనిపించాయి. "ఇటు రావోయ్, నువ్వు తీసుకో" అని బండి పక్కకి ఆపారు. వెట్ మాక్యులర్ డీజెనరేషన్, అంటే కంటి రెటీనా మధ్యభాగం దెబ్బతినే జబ్బు, అని అరిజోనాలోని టూసాన్‌లో డాక్టరు చెప్పారు, కొన్ని వారాలకోసారి కంట్లో ఇంజెక్షన్. ఒహాయోకి పరిగెత్తవలసిన పని లేకుండా అక్కడే మొదలైంది, ఎండలు ముదిరాక కొలంబస్‌లో కొనసాగింది. నెట్‌వర్క్ అని ఎవరూ అడగలేదు. స్టీరింగు అప్పటి నుంచి నాది.

ఇప్పుడు క్యాలెండర్‌లో ముందు ఇంజెక్షన్ తారీకులు రాసుకుంటాం, ఆ మధ్య రోజుల్లో క్యాంప్‌గ్రౌండ్లు వెతుక్కుంటాం. రోజుకి 200 మైళ్ళు మించి నడపను, చీకటి పడ్డాక అసలు నడపను. ఆయన మ్యాపు చూసి దారి చెప్తారు, దిగాక ట్యాంకులు ఆయనవే. పిల్లలు ఎప్పుడు మానేస్తారని అడుగుతారు. నాకు నడపడానికి భయమేసిన రోజు చెప్తానన్నాను.