జూనోలో మా రెండు ఆగస్టులు

అలాస్కా రాజధాని జూనోలో, మెండెన్‌హాల్ లోయలో మేముంటున్నాం. నేను రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, మా ఆయన ల్యాబ్‌లో పనిచేస్తారు. మా ఇంటికి కాస్త అవతల మెండెన్‌హాల్ నది. దానికి ఎగువన సరస్సు, సరస్సు పైన అదే పేరున్న గ్లేసియర్, అంటే మెల్లగా కిందికి జారే పెద్ద మంచు ప్రవాహం. దాన్ని చూడ్డానికి వేసవంతా ఓడల నిండా టూరిస్టులు వస్తారు. 2024 ఆగస్టులో ఆ మంచు వెనక చేరిన నీళ్లు మా హాల్లోకి వచ్చాయి. 2025 ఆగస్టులో నది అంతకంటే ఎత్తుకు లేచింది, కానీ మా గడప దాటలేదు. మధ్యలో ఏడాది పాటు ఏం జరిగిందో రాస్తున్నాను. నది పక్కన ఇల్లున్నవాళ్లకీ, కొనాలనుకుంటున్నవాళ్లకీ పనికొస్తుంది.

ముందు ఈ వరద సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది ఎండ కాస్తున్న రోజున కూడా వస్తుంది. గ్లేసియర్ పక్కన కొండల్లో సూసైడ్ బేసిన్ అని ఒక పెద్ద లోతట్టు ఉంది. ఒకప్పుడు అక్కడ ఇంకో చిన్న గ్లేసియర్ ఉండి, కిందికి జారి పెద్దదానిలో కలిసేది. అది కరిగి వెనక్కి పోయాక ఆ చోటు ఖాళీ అయింది. దాని ముఖద్వారం దగ్గర మాత్రం మెండెన్‌హాల్ మంచు ఇంకా ఆనకట్టలా అడ్డం నిలబడి ఉంది. కరిగిన మంచూ వాన నీళ్లూ వేసవిలో అక్కడ చేరతాయి. మట్టం బాగా పెరిగాక ఆ ఒత్తిడికి నీళ్లు మంచు అడుగున దారి చేసుకుంటాయి. పారేకొద్దీ ఆ దారి చుట్టూ మంచు కరిగి సొరంగం పెద్దదవుతుంది. నెలల తరబడి నిండిన నీళ్లు ఒకటి రెండు రోజుల్లో దిగిపోతాయి. 2011 నుంచి ఇలా జరుగుతోంది. 2023 ఆగస్టు 5న సరస్సు మట్టం 14.97 అడుగులకు చేరింది. నది ఒడ్డును కోసేసింది. ఒక ఇల్లు అలాగే నదిలోకి కూలిపోయింది.

మాది భద్రాచలం. అడుగుల లెక్క మాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. ఇక్కడ సరస్సు దగ్గర నీటిమట్టం కొలిచే గేజీలో 9 అడుగులు దాటితే వరద కింద లెక్క, 14 దాటితే పెద్ద వరద. 2023లో ఆ ఇల్లు కూలిన వీడియో చూశాక మేము ఫ్లడ్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం. ఇంటికుండే మామూలు ఇన్సూరెన్స్‌లో వరద నష్టం రాదు. ప్రభుత్వ వరద బీమా పథకం కింద వేరే పాలసీ కట్టాలి. అందులో ఇంటికి గరిష్ఠంగా రెండున్నర లక్షల డాలర్లు, సామానుకు లక్ష. డబ్బు కట్టాక మామూలుగా 30 రోజులు ఆగితేగానీ అమల్లోకి రాదు. బేసిన్ నిండుతోందన్న వార్త చూసి అప్పుడు పరిగెత్తితే లాభం లేదు. మా ఇల్లు వరద మ్యాప్‌లో ప్రమాదకర ప్రాంతంలో లేదు కాబట్టి ఇంటికి అప్పిచ్చిన బ్యాంకువాళ్లు ఆ పాలసీ అడగనే లేదు. తీసుకోమని పట్టుబట్టింది మా అమ్మ. "మ్యాపు చూసుకుని వస్తుందటే నది?" అంది ఫోన్లో. 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు ఆవిడ అక్కడే ఉంది.

2024 ఆగస్టు 5 సాయంత్రానికి హెచ్చరిక వచ్చేసింది. కారు మెరక మీద పెట్టి వచ్చాం. పాస్‌పోర్టులు, పాప సర్టిఫికెట్లు, మందులు ఒక సంచిలో సర్దాం. నీళ్లు నది వైపు నుంచి వస్తాయని అందరం అటే చూస్తున్నాం. అవి మొదట వచ్చింది వీధిలోని మురుగు కాలవ జాలీలోంచి. నది ఉబ్బేసరికి కాలవ ఎదురు తన్నింది. అర్ధరాత్రి దాటాక పక్కింటి పెద్దావిడ తలుపు కొట్టి, "పాపను తీసుకుని ఇప్పుడే బయల్దేరండి, నా కారులో చోటుంది" అంది. చెట్లు విరిగి కొట్టుకుపోతున్న చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. నీళ్లలో కాలు పెడితే నొప్పి పుట్టేంత చలి. తెల్లవారుజామున మట్టం 15.99 అడుగులకు చేరింది. లోయలో దాదాపు 300 ఇళ్లు దెబ్బతిన్నాయి.

నీళ్లు వచ్చినంత వేగంగానే తీశాయి. బురద మాత్రం మిగిలింది. గ్లేసియర్ రాయిని అరగదీసి చేసిన సన్నటి బూడిద రంగు మట్టి అది, తడిపిన ముగ్గుపిండిలా ఉంటుంది. చీపురుకు రాదు. స్విచ్ బోర్డుల వెనక, ఫ్రిజ్ మోటారు చుట్టూ, తలుపు బందుల సందుల్లో పేరుకుపోయింది. ఒక ప్లగ్ సాకెట్ విప్పితే లోపల వేలి మందాన ముద్ద కట్టి ఉంది.

ఇక్కడి ఇళ్ల గోడలు చెక్క ఫ్రేముకు జిప్సం షీట్లు బిగించి కడతారు. నీటి గుర్తుకు పైదాకా ఆ షీట్లు కోసేసి, వెనక చలి రాకుండా కూరిన ఇన్సులేషన్ లాగేయాలి. నేల కింద పాకుతూ వెళ్లేంత జాగా ఉంటుంది, అక్కడి ఇన్సులేషన్ కూడా తీసేయాలి. అసలు కష్టం ఆ తర్వాత, ఆరబెట్టడంలో. ఆగస్టు, సెప్టెంబరు జూనోలో వాన వదలని నెలలు. కిటికీ తెరిస్తే ఇంకా తేమ లోపలికే వస్తుంది. ఈ ఊరికి బయటి నుంచి రోడ్డు లేదు, సరుకంతా సియాటిల్ నుంచి బార్జి మీద రావాలి. గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫయర్లు షాపుల్లో అయిపోయాయి. వీధిలో ఉన్నవాటిని వంతులేసుకుని వాడాం. చెక్కలో తేమ చూసే మీటరు ఒకటుంటుంది, రెండు సూదులు గుచ్చితే శాతం చూపిస్తుంది. 15 లోపు వచ్చేదాకా గోడలు మూయొద్దని మా ఆయన పట్టుపట్టారు. పైకి పొడిగా కనిపించే చెక్క కూడా మీటరు గుచ్చితే 20 పైన చూపించేది. తొందరపడి మూసేసిన ఇళ్లలో చలికాలానికి బూజు వాసన మొదలైంది.

ఇన్సూరెన్స్ విషయంలో మమ్మల్ని కాపాడింది ఫొటోలే. ఏదీ బయట పారేయకముందే ప్రతి గోడకీ టేపు ఆనించి నీటి గుర్తు కనపడేలా తీశాం. ఫ్రిజ్, హీటరు, వాషింగ్ మెషీన్ సీరియల్ నంబర్లు విడిగా తీశాం. పారేసే కార్పెట్ నుంచి ఒక ముక్క కోసి దాచాం. ఇన్సూరెన్స్ తరఫున నష్టం లెక్కగట్టే అడ్జస్టర్ వచ్చి రాసుకెళ్లిన మొదటి అంచనాలో వంటింటి కింది అల్మరాలు, నేల కింది ఇన్సులేషన్ లేనే లేవు. అంతా కలిపి చూస్తే మా ఖర్చులో సగం కూడా రాదు. అతనితో వాదించి ప్రయోజనం లేదు, అతను రాసుకునేది అతనికి కనిపించిందే. స్థానిక కాంట్రాక్టరు చేత గది గదికీ విడిగా కొటేషన్ రాయించి, దానికి ఫొటోలు జతచేసి, అదనపు క్లెయిము పెట్టాం. నష్టం జరిగిన 60 రోజుల్లోపు సంతకం చేసిన ప్రూఫ్ ఆఫ్ లాస్ (నష్టం ఎంతో చెప్పే పత్రం) పంపాలన్న గడువును గోడ మీద క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో రాసి పెట్టుకున్నాను. అల్మరాల డబ్బు చలికాలంలో వచ్చింది. ఇన్సూరెన్స్ లేని పక్కింటి పెద్దావిడ రాష్ట్రం ఇచ్చిన సాయంతోనూ, అక్టోబరులో విపత్తు ప్రకటన వెలువడ్డాక కేంద్రం ఇచ్చిన సాయంతోనూ నెట్టుకొచ్చింది. ఆ ఫారాలు మా డైనింగ్ టేబుల్ మీదే నింపాం. తడిసిన దానికీ అందిన దానికీ పొంతనే లేదు.

ఇల్లు బాగుచేసుకున్నంత మాత్రాన తెరిపి లేదు, వచ్చే ఆగస్టు ఉండనే ఉంది. అప్పుడు నది వెంట కరకట్ట ప్రతిపాదన వచ్చింది. హెస్కో బుట్టలంటారు. ఇనప వలతో చేసిన పెద్ద పెట్టెలకు లోపల గుడ్డ వేసి, ఇసుక నింపి, వరసగా పేర్చడం. ఆర్మీ ఇంజనీర్లు బుట్టలు ఇచ్చారు. నిలబెట్టే ఖర్చులో 40 శాతం కాపు దొరికే ఇళ్లవాళ్లు, మిగతాది నగరం పెట్టుకోవాలి. 466 స్థలాలు లెక్కకొచ్చాయి, ఒక్కోదానికి పదేళ్లలో సుమారు 6,300 డాలర్లు. కట్ట దాదాపు రెండున్నర మైళ్లు.

ఆ మీటింగులు తేలిగ్గా సాగలేదు. నది కనిపించే పెరడు పోతుంది, చెట్లు కొట్టేస్తారు, ఇసుక లారీలు తోటలోంచి తిరుగుతాయి. రిటైరైన వాళ్లకు 6,300 డాలర్లు చిన్న మొత్తం కాదు. వాళ్ల బాధ నిజమే, ఈ భారంలో ఇంకా ఎక్కువ ప్రభుత్వం మోయాల్సిందని నేను ఇప్పటికీ అంటాను. కానీ భద్రాచలం కరకట్ట పక్కన పెరిగిన నాకు ఒకటి తెలుసు. కట్టలో ఒక్క చోట ఖాళీ ఉంటే ఆ ఊళ్లో ఏ ఇంటికీ కట్ట లేనట్టే. నా వంతు వచ్చినప్పుడు అదే చెప్పాను. కట్ట లోపల ఊరే నీటిని, వాన నీటిని బయటికి తోడే మోటార్ల సంగతి కూడా అడిగాను, ఎందుకంటే మా ఊళ్లో కరకట్ట తూముల (స్లూయిస్‌ల) దగ్గర ఆ మోటార్లు ఆగితే లోపలి కాలనీలు మునుగుతాయి. 2025 ఫిబ్రవరిలో నగర అసెంబ్లీ, అంటే మన మున్సిపల్ కౌన్సిల్ లాంటిది, కట్టను ఆమోదించింది. మా వీధివాళ్లు తమ పెరళ్లలో పని చేస్తున్న కూలీలకు వంతులవారీగా కాఫీ, సూప్ అందించారు.

2025 ఆగస్టు 12న బేసిన్ నుంచి నీళ్లు కదిలాయి. ముంపు ప్రాంతం మొత్తం ఖాళీ చేయమన్నారు. ఈసారి పగటిపూటే, వెలుతురుండగానే వెళ్లాం. కింది అరల్లో సామాను అంతకుముందే మేడ మీదికి చేర్చేశాం, మురుగు కాలవ నుంచి నీళ్లు ఎదురు రాకుండా ఇంటి పైపుకు వాల్వు పెట్టించాం. స్నేహితుల ఇంట్లో రాత్రంతా గేజీ చూస్తూ కూర్చున్నాం. టెన్షన్‌తో ఎవరికీ అన్నం సహించలేదు. 13 ఉదయం 16.65 అడుగులు. అప్పటివరకు అదే రికార్డు. కొన్ని చోట్ల బుట్టల కింద నుంచి నీళ్లు ఊరాయి, కొన్ని ఇళ్లు తడిశాయి. కానీ కట్ట నిలబడింది. మధ్యాహ్నం ఇంటికొచ్చి పాప తన గదిలోకి పరిగెత్తి, "నేల పొడిగా ఉందమ్మా" అని అరిచింది.

వ్యూ డ్రైవ్ అనే వీధికి మాత్రం కట్ట లేదు. అక్కడి ఇళ్లు మళ్లీ మునిగాయి. మేం మీటరు, డీహ్యూమిడిఫయర్ పట్టుకుని అక్కడికి వెళ్లాం. మా ఇంట్లో కోసినట్టే వాళ్ల గోడలూ కోశాం. మమ్మల్ని దాటిన నీళ్లు వాళ్ల మీద పడ్డాయేమోనని అక్కడ ఒకాయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇసుక బుట్టలు శాశ్వతం కాదని అందరూ ఒప్పుకుంటున్నారు. కొండలోంచి సొరంగం తొలిచి బేసిన్ నిండకముందే నీళ్లు మెల్లగా వదిలే ఆలోచన కూడా చర్చలో ఉంది. అది పూర్తయ్యేలోపు ఎన్నో ఆగస్టులొస్తాయి. వ్యూ డ్రైవ్ వాళ్లను అంతవరకు ఏం చేయబోతున్నారని ప్రతి మీటింగులో అడుగుతున్నాను. వాళ్లకు స్పష్టమైన తేదీ, డబ్బు చెప్పేదాకా అడుగుతూనే ఉంటాను.