వాంటేజ్ ఖర్చుల పుస్తకం: జనవరి 2023 నుంచి అక్టోబరు 2025 వరకు

జనవరి 2023, 28,400 మైళ్లు

రెండు కార్లు చూసి వదిలేశాక మూడోది కొన్నాను. 2007 నాటి ఆస్టన్ మార్టిన్ వి8 వాంటేజ్. 4.3 లీటర్ల ఇంజను, ఆరు గేర్ల మాన్యువల్. ఇచ్చిన ధర 41,500 డాలర్లు. కొత్తగా ఉన్నప్పుడు అమెరికాలో ఈ మోడల్ ధర సుమారు 1,10,000 డాలర్లు. మొదటి యజమాని అడిగి చేయించుకున్న హంగులతో కలిపి ఆయన బిల్లు 1,21,000 దాటింది. ఆ అసలు బిల్లు కారుతో పాటే నా చేతికి వచ్చింది. అంటే నాకంటే ముందు దీన్ని నడిపిన ముగ్గురి మధ్య దాదాపు ఎనభై వేల డాలర్లు కరిగిపోయాయి.

ఈ పుస్తకం పెట్టడానికి కారణం అదే. ఖరీదైన స్పోర్ట్స్ కారు ధర మొదటి ఐదారేళ్లలో వేగంగా పడి, తర్వాత నెమ్మదించి, ఒకచోట ఆగుతుందని అందరూ అంటారు. ఆగినచోట కొంటే నష్టం ఉండదనీ అంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో నా సొంత కారు మీద, ప్రతి రసీదూ లెక్కలోకి తెచ్చి తేల్చుకోవాలనుకున్నాను.

ఇక్కడ న్యూజెర్సీలో అమ్మకపు పన్ను 6.625 శాతం. పాత కారు కొన్నా కట్టాల్సిందే. కాబట్టి మొదటి రోజే 2,749 డాలర్లు పోయాయి. ఎప్పుడు అమ్మినా ఆ డబ్బు వెనక్కి రాదు. కొనేముందు మెకానిక్‌తో చేయించిన తనిఖీకి 450. ఇవి రెండూ ధరల పట్టికల్లో ఎక్కడా కనిపించని తరుగుదల.

జనవరిలో కొనడం కావాలని చేసిన పనే. మంచు కురిసే రాష్ట్రాల్లో రెండు సీట్ల కారు కోసం చలికాలంలో ఎవరూ రారు. అమ్మేవాడికి గ్యారేజీలో జాగా కావాలి. ఏప్రిల్‌లో ఇదే కారుకు మరో రెండు మూడు వేలు అడిగేవారు.

ఫిబ్రవరి 2023

వదిలేసిన మొదటి కారు గురించి రాయాలి. దాని ధర మూడు వేలు తక్కువ, మైళ్లు పన్నెండు వేలే. ప్రమాదాలేవీ లేవని చరిత్ర నివేదిక చెప్పింది. కానీ నా దగ్గర పెయింటు మందం కొలిచే గేజ్ ఉంది. ఫ్యాక్టరీ పెయింటు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఆ కారు కుడి తలుపు మీద 140 చూపింది, దాని వెనకభాగంలో 390. అక్కడ మళ్లీ రంగు వేశారు. అమ్మే వ్యక్తిని అడిగితే తెలియదన్నాడు. బీమా కంపెనీకి చెప్పకుండా సొంత డబ్బుతో బాగు చేయించుకుంటే ఏ నివేదికలోకీ ఎక్కకపోవచ్చు. గేజ్ కొనేవారు ఒకటి చూసుకోవాలి: ఉక్కును మాత్రమే కొలిచే రకం అల్యూమినియం రేకు మీద పనిచేయదు. రెండింటినీ కొలిచేది తీసుకోవాలి. ఫైబర్, రెజిన్ కలిపి చేసిన కాంపోజిట్ భాగాల మీద మామూలు గేజ్ ఏదీ పనిచేయదు, అక్కడ కళ్లే ఆధారం.

ఈ చూపు నాకు విజయవాడ ఆటోనగర్‌లో అలవడింది. మా మేనమామ అక్కడ పాత లారీలు, కార్లు కొని బాగు చేసి అమ్మేవాడు. సెలవులకు వెళ్లినప్పుడు నన్ను వెంట తీసుకెళ్లేవాడు. బానెట్ ఎత్తేముందు కిందికి వంగి పెడళ్లు చూసేవాడు. "మీటరు తిప్పగలరురా అల్లుడూ, పెడల్ రబ్బరు అరుగుదలను ఎవరు తిప్పుతారు?" అనేవాడు. పన్నెండు వేల మైళ్లే తిరిగిందన్న ఆ కారులో క్లచ్ పెడల్ రబ్బరు గీతలు సగం చెరిగిపోయి ఉన్నాయి. డ్రైవరు సీటు అంచు తోలు కూడా నలిగిపోయి ఉంది. గేజ్ బయటికి తీయకముందే నా మనసు సగం విరిగింది.

నేను కొన్న కారులో మైళ్లు ఎక్కువే కానీ ఫైలు బరువుగా ఉంది. పదహారేళ్ల బిల్లులు, ప్రతి దాని మీదా తేదీ, ఓడోమీటరు అంకె. వాటిని వరసగా పేర్చి చూస్తే ఏ ఏడాదీ ఖాళీ లేదు. ఇద్దరు అమ్మకందారుల దగ్గర ఒకే ఏడాది, ఒకే రంగు కార్లు ఉంటే, నా అనుభవంలో ఈ ఫైలు తేడా నాలుగైదు వేలు చేస్తుంది.

ఏప్రిల్ 2023, 28,650 మైళ్లు

టైర్లు మార్చాను. నాలుగూ కలిపి 1,380. పాతవాటి మీద గాడులు లోతుగానే ఉన్నాయి, చూసినవారెవరూ మార్చమనరు. కానీ టైరు పక్క గోడ మీద ఉండే కోడ్‌లో చివరి నాలుగంకెలు 3415. అంటే 2015లో 34వ వారంలో తయారైనవి. ఏడేళ్లు దాటిన రబ్బరుతో 380 హార్స్‌పవర్ కారును తడిరోడ్డు మీద నడపను. ముందు 235/40, వెనక 275/35, రెండూ 19 అంగుళాలు.

తక్కువ తిరిగిన కారు అనగానే ధర పెంచేస్తారు. కదలకుండా నిలబడ్డ కారులో టైర్లు గట్టిపడతాయి, సీళ్లు ఎండిపోతాయి, బ్యాటరీ చస్తుంది. ఆ బాగుల ఖర్చు కొన్నవాడి మీద పడుతుంది. పదివేల మైళ్ల కారుకు అదనంగా పదిహేను వేలు ఇవ్వడం కంటే, నడిపి చూసుకున్న ముప్పై వేల మైళ్ల కారు మేలని నా గట్టి అభిప్రాయం.

ఆగస్టు 2023

వారాంతాల్లో ధరల పట్టిక నింపుతున్నాను. మా ప్రాంతంలో అమ్మకానికి వచ్చిన వాంటేజ్‌లు, వాటితో పాటు నేను కొనాలనుకుని మానుకున్న మోడళ్లు. అడిగే ధర ఒక వరసలో, వేలంలో నిజంగా పలికిన ధర మరో వరసలో. ఈ రెండూ కలిపేస్తే లెక్క తప్పుతుంది. అడిగే ధర ఆశ మాత్రమే.

పట్టికలో అన్నిటికంటే బలంగా కనిపిస్తున్నది మూడో పెడల్, అంటే మాన్యువల్ కార్లలో ఉండే క్లచ్ పెడల్. వాంటేజ్‌లోనే స్పోర్ట్‌షిఫ్ట్ అని క్లచ్‌ను కంప్యూటరే తొక్కే గేర్‌బాక్స్ ఉంది. ఆ కార్లు మాన్యువల్ కంటే తక్కువకు దొరుకుతున్నాయి. ఫెరారీ ఎఫ్430 దగ్గర ఇదే తేడా లోయలా ఉంది. 2004లో వచ్చిన ఆ కారు కొత్తగా ఉన్నప్పుడు స్టీరింగ్ వెనక మీటలతో నడిచే ఎఫ్1 గేర్‌బాక్స్‌కు అదనపు డబ్బు కట్టి మరీ తీసుకున్నారు, మాన్యువల్ అడిగినవారు కొద్దిమందే. 2009లో దాని తర్వాత వచ్చిన ఫెరారీ 458కి మాన్యువల్ లేనే లేదు. దాంతో ఎఫ్430 మాన్యువల్ ఆ వరసలో ఆఖరిదైంది. ఒకే ఇంజను, ఒకే శరీరం, గేరు రాడ్డు ఉన్నదానికి దాదాపు రెట్టింపు. అప్పట్లో అదనంగా కట్టి కొన్న హంగే ఇప్పుడు ధరను కిందికి లాగుతోంది.

మెక్‌లారెన్ ఎంపీ4-12సీ దీనికి మరో కొస. 2011లో మొదలై అమెరికాలో 2,29,000 డాలర్లకు పైగా పలికిన కారు, కొన్నేళ్లలోనే సగం కంటే కిందికి వచ్చింది. కారు గొప్పది, అందులో నాకు సందేహం లేదు. కానీ మూడేళ్లకే అదే కంపెనీ 650ఎస్ వచ్చి దాన్ని పాతది చేసేసింది. వారంటీ అయిపోయాక వచ్చే బిల్లుల భయం మిగతా పని చేసింది.

నవంబరు 2023, 30,900 మైళ్లు

చలికాలపు నిద్ర. రోడ్ల మీద ఉప్పు చల్లేలోపే కారును లోపల పెట్టాలి. వాంటేజ్ చట్రం అల్యూమినియం ముక్కలను జిగురుతో అతికించి కట్టినది. అల్యూమినియానికి ఉక్కు మర తగిలినచోట ఉప్పునీరు చేరితే పెయింటు కింద బుడగలు లేస్తాయి. కొనేటప్పుడు తలుపు పిడుల చుట్టూ, తలుపు కింది అంచుల్లో వేలితో తడిమి చూడాల్సింది వాటినే.

ట్యాంకు నిండా పెట్రోలు, అది పాడవకుండా స్టెబిలైజర్. టైర్లలో గాలి పది పీఎస్ఐ ఎక్కువ. హ్యాండ్ బ్రేకు వేయను, ప్యాడ్లు అతుక్కుంటాయి. గేరులో ఉంచి చక్రాల దగ్గర చెక్కదిమ్మలు పెడతాను. కొత్త బ్యాటరీ, దాన్ని నిలకడగా ఛార్జ్ చేసే పరికరం కలిపి 360. నెలకోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మంచిదని చాలామంది నమ్ముతారు. ఇంజను పూర్తిగా వేడెక్కకపోతే ఆయిల్‌లో, సైలెన్సర్‌లో తేమ మిగిలిపోతుంది. నేను మార్చి దాకా తాళం ముట్టను.

బీమా గురించి ఒక మాట. మామూలు పాలసీలో కారు పోతే ఆ రోజు బజారు ధర ఎంతో కంపెనీ లెక్కగట్టి ఇస్తుంది. ముందే ఒప్పుకున్న విలువతో తీసుకునే పాలసీలో రాసుకున్న మొత్తం వస్తుంది. నాది 45,000కు రాయించాను. దానికి గ్యారేజీ ఉండాలి, రోజువారీ వాడకానికి వేరే కారు ఉండాలి. ప్రీమియం ఏడాదికి 800, నా రోజువారీ కారు బీమా కంటే తక్కువ. ధరలు కదులుతాయి కాబట్టి ఆ అంకెను ప్రతి ఏడాదీ చూసుకోవాలి.

మే 2024, 31,900 మైళ్లు

క్లచ్. 5,800 డాలర్లు.

ఐదో గేరులో తక్కువ వేగంతో వెళ్తూ యాక్సిలరేటరు పూర్తిగా తొక్కాను. ఇంజను తిరిగే వేగాన్ని చూపే ముల్లు పైకి లేచింది, కారు వేగం దాని వెంట రాలేదు. పాత క్లచ్‌ను పరీక్షించడానికి ఇంతకంటే సులువైన పద్ధతి లేదు, కొనేముందు కూడా చేయవచ్చు. కొన్న జనవరిలో నేను చేసినప్పుడు జారలేదు, కానీ అప్పటికే దాని వయసు అయిపోవస్తోందని ఫైలు చెబుతూనే ఉంది. పదహారేళ్ల బిల్లుల్లో క్లచ్ మార్చిన బిల్లు లేదు. ఆ లేని బిల్లును బేరంలో వాడుకుని రెండు వేలు తగ్గించాను. నాలుగు తగ్గించి ఉండాల్సింది.

ఇంత ఖర్చు ఎందుకంటే ఈ కారులో ఇంజను ముందు, గేర్‌బాక్స్ వెనక ఇరుసు దగ్గర ఉంటాయి. రెంటినీ కలుపుతూ ఒక అల్యూమినియం గొట్టం, దాని లోపల కార్బన్ ఫైబర్ షాఫ్టు. బరువు రెండు వైపులా సమానంగా పంచడానికి చేసిన అందమైన ఏర్పాటు అది. క్లచ్ మాత్రం ఇంజను వెనకే ఉంటుంది. దాన్ని చేరాలంటే సైలెన్సర్లు, గేర్‌బాక్స్, ఆ గొట్టం అన్నీ దించాలి. రెండు రోజుల పని. క్లచ్ ఒరుసుకునే ఫ్లైవీల్ చక్రం కూడా అప్పుడే మార్చాం, మళ్లీ ఇదంతా దించే పని పెట్టుకోకూడదని. ప్రతి దశలో ఫొటోలు తీయించి ఫైలులో పెట్టాను.

ఆ రోజు పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్న వాక్యం ఇది: కారు ధర మూడో వంతుకు పడిపోయింది, దాని విడిభాగాల ధర పడలేదు. నలభై వేల కారుకు లక్షా ఇరవై వేల కారు మరమ్మతులే ఉంటాయి. తక్కువకు దొరికిందని పొదుపు మొత్తం పెట్టి కొన్నవారు మొదటి పెద్ద బిల్లుకే అమ్ముకునేది అందుకే. వారు వాయిదా వేసిన పని తర్వాతివారి మెడకు చుట్టుకుంటుంది.

ఫెరారీల్లోనూ ధరల వెనక ఇదే లెక్క నడుస్తుంది. ఎఫ్355లో టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజను మొత్తం కిందికి దించాలి. 360లో సీట్ల వెనక పలక తీసి మార్చవచ్చు. ఎఫ్430లో బెల్టు బదులు చైను. కొనేవారు అడగాల్సింది పాత కారు ధర ఒక్కటే కాదు, తర్వాతి పెద్ద పని ఏమిటి, చివరిసారి ఎప్పుడు జరిగింది అనేది కూడా.

ఫిబ్రవరి 2025

చలికాలం కాబట్టి చదువు. పోర్షా కథలు రెండు పట్టిక పక్కన రాసుకున్నాను.

2016లో 911 ఆర్ వచ్చింది. 991 కార్లే, మాన్యువల్ మాత్రమే. 911లోనే మరో రకమైన అప్పటి జీటీ3కి మాన్యువల్ లేదు కాబట్టి జనం ఎగబడ్డారు, 1,84,900 డాలర్ల కారుకు కొన్ని రెట్లు అడిగారు. మరుసటి ఏడాదే పోర్షా కొత్త జీటీ3లో మాన్యువల్ ఇచ్చింది. ఆర్ ధరలు దిగివచ్చాయి. అరుదైన కారు అన్నది నిజమే, కానీ దాని అరుదుతనంలో ఒక భాగం తయారీదారు చేతిలోనే ఉంది.

రెండోది 2014 నాటిది. ఇంజన్లలో మంటలు లేవడంతో 785 జీటీ3లను వెనక్కి పిలిచి ఇంజన్లు మార్చారు. తర్వాత ఆ తరం ఇంజన్లకు వారంటీని పదేళ్లకు, 1,20,000 మైళ్లకు పొడిగించారు. పాత కారు కొనేవాడి భయాన్ని ఆ ఒక్క కాగితం తగ్గించింది. పదేళ్లు గడిచే కొద్దీ ఆ కార్ల ధరలు ఎటు పోతాయో నా పట్టికలో గమనిస్తున్నాను.

2021, 2022లలో చిప్‌ల కొరత వల్ల కొత్త కార్లు దొరక్క పాతవన్నీ పెరిగాయి. ఆ రోజుల ధరలు చూసి స్పోర్ట్స్ కారు పెట్టుబడి అని నమ్మినవారు నాకు తెలిసినవారిలోనే ముగ్గురున్నారు. ఇద్దరు నష్టానికి అమ్మారు.

అక్టోబరు 2025, 34,500 మైళ్లు

ఒక ఆదివారం ఉదయం పెట్రోలు పోయించుకుంటుంటే ఒక పెద్దమనిషి పలకరించి, ఫైలు చూడాలన్నారు. వారం తర్వాత 39,000 ఇస్తానన్నారు. పట్టికలో ఈ మధ్య వేలంలో పలికిన ధరలూ ఆ దరిదాపుల్లోనే ఉన్నాయి, కాబట్టి లెక్కకు దాన్నే తీసుకున్నాను.

కారు విలువలో తగ్గింది 2,500. పన్ను, తనిఖీ 3,199. బీమా 2,200. ఏటా ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకు ద్రవం వంటి సర్వీసులు మూడు కలిపి 3,300. టైర్లు 1,380, బ్యాటరీ 360, క్లచ్ 5,800. మొత్తం 18,739 డాలర్లు. తిరిగినది 6,100 మైళ్లు. పెట్రోలు కాక మైలుకు మూడు డాలర్ల ఏడు సెంట్లు. తరుగుదల ఇందులో ఎనిమిదో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే.

అంటే ఆగినచోట కొంటే ధర నిలబడుతుందన్న మాట నా కారు విషయంలో దాదాపు నిజమైంది. నష్టం ఉండదన్నది మాత్రం కాలేదు. కొత్త కారు యజమానికి అన్నిటికంటే పెద్ద ఖర్చు తరుగుదల, నాకు అది పన్ను కంటే చిన్నది. ఆయన షోరూములో పోగొట్టుకున్న డబ్బును నేను మెకానిక్ లిఫ్టు కింద ఖర్చు పెడుతున్నాను.

39,000 వద్దని మర్యాదగా చెప్పాను. కొత్త క్లచ్ మీద తిరిగింది 2,600 మైళ్లే, దాని మిగతా ఆయుష్షు నాకే కావాలి. వసంతంలో కూలెంట్ గొట్టాలు మార్చాలి, అవి ఇంకా ఫ్యాక్టరీవే. మెకానిక్ 900 చెప్పాడు. చెక్కదిమ్మలు బయటికి తీసి పెట్టాను, వచ్చే వారం వాన లేని రోజు చూసి చివరిసారి ఒక చుట్టు తిప్పి లోపల పెడతాను.